గోనెగుడ్డ మనుషులు ఇనుప మనుషులైతే మిగిలేదేంటి?

నూలుపోగు:
పోలండ్ శిల్పి మాగ్దలేనా అబకనోవిచ్ 1976-80 మధ్య గోనెగుడ్డతో 80 వీపులు చేశారు. తలల్లేవు, కాళ్లు లేవు, ముందువైపంతా బోలు. వంగి కూర్చున్న వీపులే. తర్వాత ఆమె ఇనుము, కంచుల్లోకి వెళ్లారు. సూటిగా చెప్తున్నా, గుడ్డ దగ్గరే ఆగి ఉండాల్సింది. ముడతలు పడేది, చిరిగేది, చివికిపోయేది గుడ్డే. ఒంటి గుణాలన్నీ దానికున్నాయి. లోహంలో పోశాక అది కూడలి విగ్రహమే.

కొలిమి:
ఒప్పుకోను. షికాగో గ్రాంట్ పార్కులో 2006లో పెట్టిన ఆమె ‘అగోరా’ చూడండి. 106 పోత ఇనుప బొమ్మలు, ఒక్కోటీ దాదాపు 9 అడుగులు. కూడలి విగ్రహానికి ముఖమే ప్రాణం. ఇక్కడ తలా లేదు, చేతులూ లేవు! వాటి మధ్య నడుస్తుంటే ఒళ్లు జలదరిస్తుంది. గోనెను వానలో వదిలేస్తే ఎన్నాళ్లుంటుంది? మార్పే కావాలంటే ఇనుమూ తుప్పు పట్టి ఎర్రబడుతుంది.

నూలుపోగు:
తుప్పు వేరు, చివకడం వేరండీ. ఆ ఇనుము మనందరి తర్వాత కూడా ఉంటుంది. నా అభ్యంతరమే అది.

మైనంముద్ద:
ఇద్దరూ తయారీ సంగతి వదిలేశారు. ఆ వీపులు కుట్టినవి కావు. మనిషి ఒంటి నుంచి తీసిన ప్లాస్టర్ అచ్చులో గోనెను రెజిన్‌తో (ఆరాక గట్టిపడే జిగురు) తడిపి అదిమారు, గట్టిపడ్డాక బయటికి తీశారు. అంటే గుడ్డ కూడా అచ్చులోంచి వచ్చిందే. ఎక్కడ మడత పడిందో, ఎక్కడ పోగు లేచిందో, అదే ఒక వీపుకీ ఇంకో వీపుకీ తేడా. గుడ్డ నిజం, లోహం నకలు అంటే ఇక్కడ నిలవదు.

ఇంకోటి. మన దేశపు శిల్పి మృణాళినీ ముఖర్జీ జనపనారను చేత్తో ముడులు వేస్తూ దేవతల్నీ యక్షుల్నీ నిలబెట్టారు. 2000 నాటి ‘జౌబా’ నార, ఉక్కు కలిపి చేసింది. నారకు అంత బరువుంటుంది, లోపల ఆసరా లేకపోతే కుంగిపోతుంది. మాంసానికి ఎముకలాగా అన్నమాట. తర్వాత ఆమె కంచు వైపు వెళ్లినప్పుడు కూడా నార శిల్పాల్ని నకలు తీయలేదు, మైనాన్ని వేళ్లతో మలిచి, ఆ రూపాన్నే కంచులో పోత పోయించారు. పదార్థం మారితే చెయ్యి కూడా కొత్తగా నేర్చుకోవాలి.

నూలుపోగు:
ఉక్కు లోపలుంటే నాకు పేచీ లేదు, ఎముక ఎముకలా ఉంది. అగోరాలో అది పైకొచ్చి చర్మమై కూర్చుంది. రెజిన్ పట్టినా గోనెలో పోగులు లెక్కపెట్టొచ్చు. ఇనుములో ఆ అల్లిక ఏదీ?

కొలిమి:
దగ్గరికెళ్లి చూడండి. ఆ ఇనుప ఒళ్లు నున్నగా లేవు, చెట్టు బెరడులా గరుకుగా ఉంటాయి. అల్లిక పోయిందనుకోండి, గరుకుతనం పోలేదు. నాకు అది చాలు, మీకు చాలదేమో.