షూటింగ్ రేంజ్‌లో ఊడ్చిన పెల్లెట్లు ఇంట్లో కరిగిస్తున్నారు, పిల్లాడికి ప్రమాదమా?

బోరబండ అక్క:

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద విషయం, ఓపిగ్గా చదవండి.

మా తమ్ముడు ఒక ప్రైవేటు షూటింగ్ రేంజ్‌లో హెల్పర్. రేంజ్ పేరు వద్దులెండి, వాడి ఉద్యోగం పోతుంది. టార్గెట్ కాగితాలు మార్చాలి, సాయంత్రం పిల్లలు వెళ్ళాక చీపురుతో ఊడవాలి, టార్గెట్ల వెనక డబ్బాల్లో పడ్డ పెల్లెట్లు, అంటే ఎయిర్ గన్‌లో కాల్చే చిన్న సీసపు ముక్కలు, ఎత్తి సంచిలో పోయాలి. ముందు ఆ సంచి పాత ఇనప సామాను కొట్టుకు పోయేది. ఏడాది కిందట వీడికి ఒక ఐడియా వచ్చింది. మాది సాగర్ దగ్గర ఊరు, నాన్న ఇప్పటికీ వల వేస్తాడు. వలకు కట్టే సీసపు గుండ్లు కొనే బదులు మనమే పోసుకుందాం అన్నాడు. నాన్నకు మాత్రమే అయితే ఎంత కావాలి? ఊళ్ళో మిగతా వాళ్ళు కూడా అడగడం మొదలుపెట్టారు. ఇక ప్రతి ఆదివారం డాబా మీద చిన్న గ్యాస్ పొయ్యి, అమ్మ ఇనప మూకుడు. పెల్లెట్లు కరిగాక పైన బూడిదలాంటి తెట్టు తేలుతుంది. దాన్ని గరిటెతో తీసి పిట్టగోడకేసి విదిలిస్తాడు.

మేం కింద ఉంటాం, వాళ్ళు పైన. వాడి కొడుక్కి రెండున్నరేళ్ళు. నాలుగు నెలలుగా మలబద్ధకం, పొట్ట పట్టుకుని ఏడుపు, గోడ సున్నం గీరి తినడం. హిమోగ్లోబిన్ 8.6 ఉంది. నులిపురుగుల మందు వేశారు, ఐరన్ సిరప్ ఇచ్చారు. దిష్టి కూడా తీయించాం. ఇంట్లో సీసం ఉందా అని ఎవరూ అడగలేదు, మాకూ చెప్పాలని తట్టలేదు.

మొన్న వాడి నోట్లోంచి ఒక పెల్లెట్ తీశాను. చాక్లెట్ చప్పరించినట్టు చప్పరిస్తున్నాడు! 2020 డిసెంబర్‌లో ఏలూరులో జనం ఫిట్స్ వచ్చి పడిపోతే రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని టీవీలో చెప్పారు కదా, అది గుర్తొచ్చి అప్పట్నుంచి నిద్ర లేదు. మరదలికి ఇప్పుడు అయిదో నెల. ఏ పరీక్ష చేయించాలి? తమ్ముడు ఉద్యోగం మానెయ్యాలా?

పాత పిస్టల్:

అక్కా, ముందు ఆ పొయ్యి ఆపించండి. మిగతావన్నీ తర్వాత.

నేను 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ ఎనిమిదేళ్ళు కొట్టాను. 2012 లండన్‌లో మన గగన్ నారంగ్ కాంస్యం తెచ్చాక సిటీలో పిచ్చి పట్టిన పిల్లల్లో నేనొకణ్ణి. ఒక్కో పెల్లెట్ దాదాపు అర గ్రాము. ఇరవై లేన్లలో ఇరవై మంది వందేసి కొడితే ఒక్క రోజులో కిలో సీసం. చిన్న రేంజ్‌లో కూడా ఎంత పోగవుతుందో లెక్క వేసుకోండి. పెల్లెట్ ఇనప పలకకు కొట్టుకుని చితికినప్పుడు కొంత పొడి రాలుతుంది. దాన్ని పొడి చీపురుతో ఊడిస్తే గాల్లోకి లేపి ముక్కుతో పీల్చినట్టే. తడిగుడ్డతో తుడవాలి, లేదంటే సన్న పొడిని కూడా పట్టేసే హెపా ఫిల్టర్ ఉన్న వాక్యూమ్ వాడాలి. ఇళ్ళల్లో వాడే మామూలు వాక్యూమ్ వద్దు, సన్న పొడిని వెనక నుంచి ఊదేస్తుంది.

అక్కడ .22 తూటాల తుపాకీ కూడా కాలుస్తారా, కనుక్కోండి. ఎయిర్ గన్‌లో తుపాకీ మందు ఉండదు, తూటాలో ఉంటుంది. తూటా అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్‌లోనే సాధారణంగా లెడ్ స్టిఫ్నేట్ ఉంటుంది. అంటే పొగలోనే సీసం. మూసిన హాల్లో గాలి షూటర్ వెనక నుంచి టార్గెట్ వైపు పోయేలా ఏర్పాటు లేకపోతే రోజంతా ఉండే హెల్పరే ఎక్కువ పీలుస్తాడు.

మా కోచ్ ఒకణ్ణి లేన్‌లో సమోసా తిన్నాడని ఆ రోజుకు బయటికి పంపేశాడు. చాదస్తం అనుకున్నాం. ఉద్యోగం మానక్కర్లేదు అక్కా. చేతులు సబ్బుతో కడుక్కోకుండా టీ గ్లాసు కూడా పట్టకూడదు. బట్టలు, బూట్లు అక్కడే మార్చుకుని రావాలి.

షికారు మనవడు:

మా తాత వేట నిషేధ చట్టం రాకముందు షికారు బాగా చేసేవాడు. కౌజు పిట్టల కూరలో పంటి కింద ఛర్రా (తుపాకీలో వాడే సన్న సీసపు గుండు) తగిలితే ఉమ్మేసి తినేవాళ్ళం. ఆయన 84 ఏళ్ళు బతికాడు. ఊరికే అందరికీ టెన్షన్ పెట్టకండి.

పిల్లల డాక్టర్:

షికారు మనవడు గారూ, మీ తాతగారు రెండున్నరేళ్ళ పిల్లాడు కాదు కదా. మింగిన సీసంలో పెద్దవాళ్ళ ఒంటికి పట్టేది సుమారు పదో వంతు, పసిపిల్లలకు సగం దాకా పడుతుంది. ఐరన్, కాల్షియం తక్కువుంటే ఇంకా ఎక్కువ.

అక్కా, మీరు చెప్పినవన్నీ సీసంతో సరిపోతున్నాయి, కానీ పరీక్ష చేయకుండా తేల్చలేం. ‘బ్లడ్ లెడ్ లెవెల్’ అని అడగండి, పెద్ద ల్యాబుల్లో చేస్తారు. వేలి చివర గుచ్చి కాదు, నరం నుంచి తీసిన రక్తం ఇవ్వండి. వేలి మీదున్న దుమ్ము కూడా లెక్కలోకి వచ్చేస్తుంది. పిల్లాడికి, మరదలికి, తమ్ముడికి ముగ్గురికీ చేయించండి. ఇంత వరకు ఉండొచ్చు అనే సురక్షితమైన స్థాయి అంటూ లేదు. అమెరికాలో 2021 నుంచి పిల్లల్లో డెసిలీటరుకు 3.5 మైక్రోగ్రాములు వచ్చినా కారణం వెతుకుతారు. సీసాన్ని బయటికి లాగే మందులు సాధారణంగా 45 దాటితే, ఆసుపత్రి పర్యవేక్షణలో ఇస్తారు. అంతకంటే తక్కువైతే అసలు వైద్యం ఇంట్లోంచి సీసం తీసెయ్యడమే. రక్తంలో ఉన్నది సగానికి రావడానికి నెల దాకా పడుతుంది. ఎముకల్లో చేరింది మాత్రం ఏళ్ళ తరబడి ఉంటుంది. గర్భిణి ఎముకల్లోంచి అది మళ్ళీ రక్తంలోకి వచ్చి బిడ్డకు చేరుతుంది, అందుకే మరదలి పరీక్ష అస్సలు వాయిదా వెయ్యకండి.

ఇంకో మాట. ‘విషం లాగేస్తుంది’ అని ఎవరైనా భస్మాలు ఇస్తే తీసుకోకండి. నాగభస్మంలో నాగం అంటే సీసమే.

చెరువుగట్టు:

నేను ఆదివారాలు అమీన్‌పూర్ చెరువు దగ్గర పక్షులు చూస్తుంటాను. పిల్లాడి సంగతి డాక్టరు గారు చెప్పారు కాబట్టి ఛర్రా గురించి, ఆ వల గుండ్ల గురించి చెప్తాను.

కోడి కందనకాయ కోస్తే లోపల చిన్న చిన్న రాళ్ళుంటాయి కదా. బాతులు కూడా గింజలు నూరుకోవడానికి అలాగే రాళ్ళు మింగుతాయి. చెరువు అడుగున ఛర్రా ఉంటే రాయనుకుని దాన్నీ మింగుతాయి. కందనకాయ దాన్ని నూరి నూరి రక్తంలో కలిపేస్తుంది. రెక్కలు వాలిపోతాయి, ఎగరలేవు, చిక్కి చచ్చిపోతాయి. అమెరికాలో 1991లో నీటిపక్షుల వేటకు సీసపు ఛర్రా దేశమంతా ఆపేసింది ఇందుకే. యూరోపియన్ యూనియన్ చిత్తడి నేలల్లో 2023లో ఆపింది.

షికారు మనవడు గారూ, పంటి కింద తగిలింది ఉమ్మేశారు సరే, తగలనిది? సీసం ఎముకకు కొట్టుకుని తునాతునకలవుతుంది. రైఫిల్‌తో కొట్టిన జింక మాంసం ఎక్స్‌రే తీస్తే గాయానికి చాలా దూరం దాకా తెల్లచుక్కలు కనిపిస్తాయి. వేటగాళ్ళు వదిలేసిన పేగులు తినే కాలిఫోర్నియా కాండార్ రాబందులు అలాగే చచ్చేవి. 1982 నాటికి 22 మిగిలాయి. అందుకు వేరే కారణాలూ ఉన్నాయి గానీ, ఇప్పటికీ వాటిని ఎక్కువగా చంపుతున్నది సీసమే. ఆ రాష్ట్రం 2019 జూలై నుంచి వేటలో సీసపు తూటాలే నిషేధించింది. 2022లో 38 అమెరికా రాష్ట్రాల్లో 1,210 గద్దలను పరీక్షిస్తే దాదాపు సగం వాటిలో దీర్ఘకాలంగా సీసం ఎక్కినట్టు తేలింది. మన రాబందులు పోయింది మాత్రం సీసంతో కాదు, పశువులకిచ్చే డైక్లోఫెనాక్‌తో. రెండూ కలిపి చెప్పేవాళ్ళు ఉన్నారు, అందుకే రాస్తున్నా.

అక్కా, బ్రిటన్‌లో హంసలు చచ్చింది గాలానికి కట్టే సీసపు గుండ్లు మింగి. 1987లో చిన్న గుండ్ల అమ్మకం ఆపాక అవి మళ్ళీ పెరిగాయి. వల రాయికి తట్టి తెగిన ప్రతిసారీ మీ తమ్ముడు పోసిన గుండ్లు కొన్ని సాగర్ అడుగునే ఉండిపోతాయి.

బోరబండ అక్క:

రెండు వారాలయింది. రిపోర్టులు వచ్చాయి. పిల్లాడికి 23, తమ్ముడికి 34, మరదలికి 9. మందు అక్కర్లేదన్నారు, నెలకు మళ్ళీ పరీక్ష. ఐరన్, కాల్షియం ఇస్తున్నారు. మరదల్ని పెద్ద డాక్టరు చూస్తున్నారు. డాబా, పిట్టగోడ మూడుసార్లు తడిగుడ్డతో తుడిచాం, ఆ గుడ్డలు కట్టి పారేశాం. రేంజ్‌లో .22 కూడా ఉందట. మేనేజర్‌తో చెబితే ‘మాస్కు పెట్టుకో’ అన్నాడంతే. తమ్ముడు స్నానం చేసేదాకా కొడుకుని ఎత్తుకోవట్లేదు, వాడేమో గేటు దగ్గర నిలబడి ఏడుపు.

ఇంకోటి రాయడం మర్చిపోయాను. మూకుడు సంగతి అడిగితే తేలింది, దసరాకు అమ్మ దాంట్లోనే గారెలు వేసింది. అందరం తిన్నాం. అందుకే నేనూ చేయించుకున్నా, 7 వచ్చింది. మిగిలిన గుండ్లు ఎనిమిది కిలోలు, ఆ మూకుడు గోనెసంచిలో కట్టి పిల్లాడికి అందకుండా పైన పెట్టాం. అనుమతి ఉన్న బ్యాటరీ రీసైక్లింగ్ వాళ్ళెవరైనా తీసుకుంటారేమో తెలిస్తే చెప్పండి. అమ్మ మాత్రం చింతపండు వేసి తోమితే పోదా అని ఇప్పటికి మూడుసార్లు అడిగింది.