మైల పుంజుకి మైల పిల్లలే రావాల్నా?

అందరికీ నమస్తే. మా బామ్మర్ది శంషాబాద్ దగ్గర షెడ్డేసి అసీల్ కోళ్లు పెంచుతుండు, రంగు చెడొద్దని మైల పుంజుకి మైల పెట్టనే జోడీ కట్టిండు. తీరా చూస్తే పిల్లలల్ల సగమే మైల, కొన్ని కాకి, కొన్నేమో మాసిన తెలుపు మీద నల్ల చుక్కలు. అమ్మినోడు కల్తీ జాతి అంటగట్టిండని ఒకటే లొల్లి. నా డౌట్ ఏందంటే మైల, డేగ, కాకి ఇవన్నీ జాతి పేర్లా, రంగు పేర్లా?

— రంగు పేర్లేనండి. మాది భీమవరం, ఇప్పుడుండేది కూకట్‌పల్లి. జాతి అసీలే, పిలుపు మాత్రం ఈకని బట్టి. ఒళ్లంతా నలుపైతే కాకి, తెలుపైతే సేతువ, ఎర్ర ఈకలది డేగ, రెక్కల మీదో వీపు మీదో పసుపుంటే నెమలి, మెడ మీద నలుపూ తెలుపూ సమానంగా ఉంటే పర్ల. కోడిపందేలోళ్లు చూసే కుక్కుట శాస్త్రం మొత్తం ఈ పేర్ల మీదే నడుస్తది, ఏ రోజు ఏ రంగు గెలుస్తుందో కూడా చెప్పేస్తది, నమ్మడం నమ్మకపోవడం మీ ఇష్టం 😄 మైల అంటే ఇక్కడ పురిటి మైల కాదు, మాసిన బూడిద రంగు.

— అమ్మినాయన్ని తిట్టకండి బ్రదర్. నలుపుని పల్చన చేసే జీన్ ఒకటుంది, ఒక కాపీ ఉంటే బూడిద, రెండుంటే మీరు చెప్పిన చుక్కల తెలుపు, అసలు లేకపోతే కాకి. అండలూసియన్ అనే జాతి కోళ్ల మీద 1900ల మొదట్లోనే బేట్‌సన్, పన్నెట్ అనే శాస్త్రవేత్తలు తేల్చిన సంగతే ఇది. బూడిదకి బూడిద కడితే సగటున 50 శాతం బూడిద, 25 కాకి, 25 చుక్కలవి, ఎన్ని తరాలు కట్టినా అంతే. అన్నీ బూడిదే కావాలంటే కాకి పుంజుకి ఆ చుక్కల పెట్టని కట్టమనండి. కాకపోతే మైలలో ఎరుపు కూడా కలిసుంటే లెక్క ఇంత నీట్‌గా రాదు.

— రాజేంద్రనగర్‌ల తయారైన వనరాజా కోడి రంగురంగులే ఉంటది కదన్నా, దాన్నెవ్వరూ కల్తీ అనరు.

— అది రంగు కోసం చేసింది కాదు తమ్ముడూ, గుడ్డు, మాంసం కోసం.

— గా చుక్కల పెట్టలనే పనికిరావని కూరకి ఇచ్చేద్దామన్నడు మావోడు, ఆపుతా. ఇంతకీ దాన్నేమంటరు, పూల అనొచ్చా?

— పూల అంటే ఒక్కో ఈక మీదే నలుపు, తెలుపు, ఎరుపు మూడూ ఉండాలండి. ఎరుపు లేదు కదా, ఫోటో పెట్టండి చూద్దాం.