“పొదల మాటున” అనాలా, “పొదల చాటున” అనాలా?

విజయవాడ, సత్యనారాయణపురం నుంచి ఒక సభ్యురాలి ప్రశ్న

పెద్దలకు నమస్కారం. నేను ఇంటివద్దే కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషన్ మీద పని చేసుకుంటాను. మా అక్క కూతురి పెళ్లికి నా చేతులతో చేసిన కానుక ఇవ్వాలని మంగళగిరి నూలుగుడ్డ తెచ్చి, దిండు గలీబుల జత కుడుతున్నాను. మధ్యలో మల్లెపూల డిజైను వేసి, దాని చుట్టూ అర్ధచంద్రాకారంగా పోతన గారి “నల్లనివాడు” పద్యంలోని చివరి పాదాన్ని పెట్టాను. చిన్నప్పుడు నాన్నగారు చదువుతుండగా విన్న జ్ఞాపకంతో “మల్లియలార మీ పొదల చాటున” అని ఒక గలీబు కుట్టేసిన తరువాత, అది “మాటున” అని మా బావగారు చెప్పారు. రెండింటికీ అర్థం ఒకటే కదా, ఉన్నదాన్ని అలాగే ఉంచవచ్చునా? రెండవ గలీబు మీద అందరికీ తెలిసేలా “మల్లెలార” అని మార్చవచ్చునా?

గుంటూరు, బ్రాడీపేట నుంచి సమాధానం

అమ్మా, ఉంచకూడదనే నా అభిప్రాయం. కారణం పద్యంలోనే ఉన్నది.

ఇది ఉత్పలమాల. పాదానికి 20 అక్షరాలు, పదవ అక్షరం యతిస్థానం, అంటే పాదం మొదటి అక్షరంతో మైత్రి కుదరవలసిన చోటు. మీ పాదాన్ని వేళ్ల మీద లెక్కపెట్టి చూడండి: మ, ల్లి, య, లా, ర, మీ, పొ, ద, ల, ఆ తరువాత పదవది “మా”. పాదం మొదటి అక్షరమైన “మ”తో ఈ “మా” మైత్రి కుదిరింది. అక్కడ “చా” పెడితే యతి తప్పుతుంది. అందువల్ల పోతన గారు “చాటున” అని ఉండరని పుస్తకం తెరవకుండానే చెప్పవచ్చు. “మల్లియలార” అన్నది కూడా అంతే. ఉత్పలమాల భగణంతో, అంటే ఒక గురువు, రెండు లఘువులతో మొదలు కావాలి. “మల్లియ” సరిగ్గా అలా పలుకుతుంది. “మల్లెలార” అంటే మూడవ అక్షరం “లా” గురువై గణం చెడుతుంది, పాదంలో ఒక అక్షరం కూడా తగ్గిపోతుంది.

ఇక అర్థం సంగతి. చాటు, మాటు అన్నవి దగ్గరి మాటలే, అందుకే “చాటుమాటుగా” అని జంటగా వాడుకుంటాము. అయినా రెండింటి పోకడ ఒకటి కాదు. “తల్లిచాటు బిడ్డ” అన్నప్పుడు చాటులో రక్షణ ఉన్నది, ఒకరి అండన ఒదిగి ఉండటమున్నది. “మాటు వేశాడు” అన్నప్పుడు అదను కోసం పొంచి ఉండటమున్నది. ఈ పద్యంలో గోపికలు వెతుకుతున్నది చెలువల మానధనాన్ని ఎత్తుకొని వచ్చినవాడిని, అంటే దొంగను. దొంగ ఉండేది మాటున. యతి కోసం వచ్చిన మాట అర్థానికి కూడా ఇంతగా అతకడం నాకు ఎన్నిసార్లు చదివినా ఆనందమే.

“గదమ్మ”ను “కదమ్మ” అని దిద్దకండి, అది గసడదవాదేశం, అంటే ముందు మాటతో కలిసినప్పుడు “క” “గ”గా మారడం. “లేఁడు”లోని అరసున్నను మాత్రం విడిచిపెట్టవచ్చు. నేటి అచ్చులో చాలామంది విడిచిపెడుతూనే ఉన్నారు, పైగా అంత చిన్న అర్ధవలయం దారంలో ముడిలాగా కనిపిస్తుంది.

మీరు అడగకపోయినా డిజైను గురించి ఒక మాట చెబుతాను. మా ఇంట్లోనూ ఈ పని జరుగుతుంది కనుక చెబుతున్నాను. మీరు పెట్టిన బొమ్మలో ఉన్నది తీగ. ఆకులు ఒకటి ఇటు, ఒకటి అటు వంతులవారీగా ఉన్నాయి. పద్యంలో ఉన్నది పొద. మల్లెకు మొదలు నుంచే కొమ్మలు గుబురుగా వస్తాయి, ఆకులు జతలుగా ఎదురెదురుగా ఉంటాయి. పొద గుబురుగా లేకపోతే దాక్కోవడానికి మాటు ఎక్కడ? కృష్ణుని బొమ్మ వేయకండి, వేస్తే గోపికలు అడగవలసిన పనే ఉండదు. రెండవ పాదంలో కవి చెప్పిన పింఛం ఉన్నది కదా, ఆకుల సందులో ఆ నెమలికన్ను అంచు ఒక్కటి కనిపిస్తే చాలు.

అక్షరాలను అర్ధచంద్రాకారంగా పెట్టవద్దు. నాలుగంగుళాల ఫ్రేములో 20 అక్షరాలు అలా సర్దితే ఒక్కొక్క దానికి ఎనిమిది మిల్లీమీటర్లు కూడా దక్కవు. శాటిన్ కుట్టులో “ల్లి”, “మ్మ”, “ప్ప”ల ఒత్తులు పై అక్షరాలతో కలిసిపోతాయి. రెండు వరుసలు చేసి, యతి దగ్గరే విరవండి. “మల్లియలార మీ పొదల” పైన, “మాటున లేడు గదమ్మ చెప్పరే” కింద. చదివేవారు ఊపిరి తీసుకునే చోటు కూడా అదే.

మంగళగిరి నుంచి మరొక సభ్యురాలు

యతి విషయం బాగున్నది, కానీ పెళ్లి కానుక మీద “లేడు” అన్న మాట ఎందుకండీ? పైగా అది విరహంలో పలికిన పద్యం. “మల్లియలార” అన్నంతవరకు కుట్టి ఆపితే మంచిదని నాకనిపిస్తున్నది.

బ్రాడీపేట సభ్యుడు

మీ శంకను తేలికగా తీసుకోను. శుభకార్యంలో మాట చూసుకోవడం మన అలవాటు, మంచి అలవాటు. అయితే “లేడు” వేరు, “లేడు గదమ్మ” వేరు. సాయంత్రం పిల్లవాడు ఇంటికి రాకపోతే తల్లి పక్కింటి గడపలో నిలబడి “మావాడు మీ ఇంట్లో లేడు కదమ్మా?” అని అడుగుతుంది. లోపలే ఉన్నాడన్న నమ్మకంతోనే అలా అడుగుతుంది. గోపికలు పూలను “అమ్మా” అని పిలిచి, ఇరుగుపొరుగును అడిగినట్లు అడుగుతున్నారు. కథలోనూ ఆ తరువాత ఆయన వారి ముందుకు వచ్చాడు. “మల్లియలార” దగ్గర ఆపితే అది వట్టి పిలుపు. ఎందుకు పిలిచారో తెలియదు.

సత్యనారాయణపురం సభ్యురాలు

అందరికీ కృతజ్ఞతలు. పాదం మొత్తం ఉంచుతున్నాను. నిన్న రాత్రి గలీబును తిరగవేసి, వెనుకవైపు బాబిన్ దారాన్ని బ్లేడుతో కోసి “చా” ఒక్కటీ విప్పాను. దారం వచ్చింది కానీ సూదిరంధ్రాలు అక్షరం ఆకారంలో అలాగే నిలిచిపోయాయి, తడిపి ఇస్త్రీ చేసినా పూడలేదు. ఆ గలీబు మా ఇంటికే ఉంచుకుంటాను. పెళ్లి జతకు కొత్త గుడ్డ ఉన్నది. వంతులవారీగా ఉన్న ఆకులను తీసేసి జతలుగా మార్చి, పొద నడుమ పింఛానికి చోటు వదిలి, రెండు వరుసలుగా ఫైలు తయారుచేశాను. ముందు పాతగుడ్డ మీద ఒకటి కుట్టి చూశాను: “మా” కింది వరుసకు మొదట, సరిగ్గా “మల్లియ”లోని “మ” కిందనే వచ్చింది.