వీడియోలను ‘కలపడమా’, ‘అతకడమా’?

కావలి నుంచి:
బడి వార్షికోత్సవం రికార్డు కెమెరాలో ఏడెనిమిది ముక్కలుగా పడుతుంది. వాటిని ఒకే ఫైలు చేసేదానికి పిల్లలకు తెలుగులో సూచనలు రాస్తున్నాం. ‘వీడియోలు కలపండి’ అంటే కొందరు ఒకదాని మీద ఇంకొకటి పెట్టేస్తున్నారు. ఏ మాట వాడాల? చేర్చడమా, జోడించడమా, కూర్చడమా?

పాతూరు నుంచి:
తప్పు పిల్లలది కాదక్కా, మాటది. పాలల్లో నీళ్లు కలుపుతాం, అన్నంలో పప్పు కలుపుతాం. కలిపినాక ఏది ఎక్కడుందో విడదీయలేం. కొసకు కొస తగిలించేదానికి మగ్గాల కాడ ‘అతకడం’ అంటారు. పడుగు (నిలువు పోగులు) అయిపోవస్తే పాత కొసలను అచ్చులోనే (పోగులు దూరే దువ్వెనలాంటి పనిముట్టు) వదిలి, కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటే వేళ్లతో మెలేసి అతుకుతారు. పాతదాంట్లో ఎన్ని పోగులుంటే కొత్తదాంట్లోనూ అన్నే ఉండాల. వీడియోకూ అదే లెక్క. కోడెక్ (వీడియోను కుదించే పద్ధతి), ఫ్రేము కొలత, ఆడియో శాంప్లింగ్ (సెకనుకు శబ్దాన్ని ఎన్నిసార్లు కొలిచారన్నది) అన్నీ ఒకటైతేనే తిరిగి ఎన్‌కోడ్ చేయకుండా, అంటే మళ్లీ కుదించి రాయకుండా, అతుకుద్ది. ఒక ముక్క 48,000 హెర్ట్జ్, తర్వాతది 44,100 అయితే అతుకు దాటగానే గొంతు మారొచ్చు, మాట పెదాలకు అందకపోవచ్చు.

ఒంగోలు నుంచి:
‘అతుకు’ అనగానే అతుకుల బొంత గుర్తొస్తుంది. పిల్లలకిచ్చే కాగితంలో ‘సంధానం’ అంటే హుందాగా ఉంటుంది కదా.

కందుకూరు నుంచి:
మాష్టారూ, పెళ్లిచూపుల్లో ‘కతికితే అతకదు’ అంటారే, అక్కడ అతకడం అంటే సంబంధం కుదరడమే. ఆ మాటకు చిన్నతనం ఏముంది? మీ ‘సంధానం’లోని సంధిని ఇంకో పనికి దాచుకుందాం. రాముడు, అతడు కలిసి ‘రాముడతడు’ అయితే మధ్యలో ఉకారం పోతుంది. కొలతలు వేరైన ముక్కల్ని మళ్లీ ఎన్‌కోడ్ చేసి ఒకటి చేసినప్పుడు జరిగేదీ అదే, అసలు బొమ్మలో కొంత పోతుంది. గంటల తరబడి సమయమూ పట్టొచ్చు.
ఇంకోటి, ‘అతికించండి’ అని మాత్రం రాయొద్దు. కంప్యూటర్లో అది ‘పేస్ట్’కు వాడుకైపోయింది. ‘అతకండి’ అనండి.

పాతూరు నుంచి:
ఎంకేవీటూల్‌నిక్స్‌లో (వీడియో ఫైళ్లు కూర్చే సాఫ్ట్‌వేర్) ఈ తేడా కళ్లకు కట్టినట్టు ఉంటుంది. ‘యాడ్’ నొక్కితే రెండో ఫైలు పక్కన ఇంకో ట్రాకుగా (అదే ఫైలులో విడి పొరగా) పోతుంది, ‘అపెండ్’ నొక్కితే మొదటిదాని కొసకు వస్తుంది. మొదటిది చేర్చడం, రెండోది అతకడం.

పొదిలి నుంచి:
ఎఫ్ఎఫ్ఎంపెగ్‌తో (ఆదేశాలు టైపు చేసి వాడే వీడియో సాఫ్ట్‌వేర్) అయితే ఒక టెక్స్ట్ ఫైలులో వరుసకొక వీడియో పేరు, దాని ముందు ‘file’ అనే మాట పెట్టి రాసి, ‘కాంకాట్’ (కొసకు కొస అతికే) పద్ధతిలో ఇచ్చి, కోడెక్ దగ్గర ‘కాపీ’ అనాలి. దెబ్బ తగిలేది మూడు చోట్ల. పేర్లు 1, 2, 10 అని ఉంటే చాలా చోట్ల 1, 10, 2గా వరుస తిరగబడుతుంది, అందుకే 01, 02 అని పెట్టండి. నోట్‌ప్యాడ్‌లో దాచేటప్పుడు యూటీఎఫ్-8 ఎంచుకోండి, ‘బామ్‌తో’ అని ఉన్నది వద్దు. బామ్ అంటే ఫైలు మొదట్లో చేరే కనిపించని గుర్తు, దాంతో మొదటి వరుసే అర్థంకాక ఆగిపోతుంది. తెలుగు పేర్లు పెట్టుకునే మనకు ఇది తరచూ ఎదురవుతుంది. మూడోది, 4 జీబీ దాటిన ఫైలు ఫ్యాట్32 (ఫైళ్లు దాచే పాత పద్ధతి) పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కదు. దాన్ని ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేయండి, ముందు అందులో ఉన్నది వేరే చోట దాచుకుని.

ఒంగోలు నుంచి:
విండోస్‌లో ‘కాపీ స్లాష్ బి’ (copy /b) ఆదేశంతో ఫైళ్లు వరసగా రాస్తే చాలదా?

పొదిలి నుంచి:
టీఎస్ (టీవీ ప్రసారాలకు వాడే వీడియో రకం) ఫైళ్లయితే చాలా వరకు చాలు సార్. ఎంపీ4కు కుదరదు. ఏ ఫ్రేము ఎక్కడుందో చెప్పే సూచిక ప్రతి ఎంపీ4లోనూ విడిగా ఉంటుంది. ప్లేయరు మొదటి సూచికే చదువుకుని, మొదటి ముక్క కాగానే ఆపేస్తుంది. ఫైలు సైజు మాత్రం మొత్తం కనిపిస్తుంది, అందుకే పని అయిందనుకుంటారు.

కావలి నుంచి:
‘01 నుంచి వరుసగా అతకండి’ అని మార్చాం. వీడియోకు పాట పెట్టే పేజీలో ‘కలపండి’ అలాగే ఉంచాం.

కందుకూరు నుంచి:
పాట విడి ట్రాకుగా పోతుంటే అక్కడా ‘చేర్చండి’ అనే ఉండాల. ఉన్న మాటల మీద పాటను మిక్స్ చేస్తేనే ‘కలపండి’.