టన్నెల్ పెట్టాను, లాగిన్ అయింది, కానీ సర్వర్‌లో ఉండాల్సిన టేబుల్స్ లేవు

రాత్రిషిఫ్ట్:
మా మామయ్య మెడికల్ షాపు బిల్లింగ్ డేటా అంతా ఒక ఉబుంటు సర్వర్‌లో, మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లో ఉంది. ఇంటి నెట్‌కి ఐపీ మారుతూ ఉంటుందని 3306 పోర్టు (మైఎస్‌క్యూఎల్‌లోకి వచ్చే దారి) అందరికీ తెరిచేశాను. నిన్న లాగ్ చూస్తే ఎవరివో తెలియని ఐపీల నుంచి రూట్ (అన్ని హక్కులూ ఉన్న యూజర్) పేరుతో వరసగా లాగిన్ ప్రయత్నాలు, గుండె జారిపోయింది. వెంటనే ఫైర్‌వాల్‌లో పోర్టు మూసేసి ఎస్‌ఎస్‌హెచ్ టన్నెల్ (సర్వర్ దాకా ఎన్‌క్రిప్ట్ అయి వెళ్లే దారి) పెట్టాను. ల్యాప్‌టాప్ వైపు 3307, సర్వర్ వైపు 3306. ఎర్రర్ ఏమీ రాలేదు. క్లయింట్‌లో హోస్ట్ లోకల్‌హోస్ట్ (అంటే ఇదే మెషీన్), పోర్టు 3307 ఇస్తే లాగిన్ కూడా అయింది, తీరా చూస్తే అక్కడున్నవి నేనెప్పుడో నేర్చుకునేటప్పుడు చేసిన టెస్ట్ టేబుల్స్, బిల్లు ఒక్కటీ లేదు. డేటా పోయిందా? చాలా టెన్షన్‌గా ఉంది.

గోదారిగట్టు:
కంగారు పడకండి, మీరు అసలు సర్వర్ దాకా వెళ్లలేదు. ల్యాప్‌టాప్ లినక్సో మ్యాకో కదా? వాటిలో మైఎస్‌క్యూఎల్ క్లయింట్‌కి లోకల్‌హోస్ట్ అని చెబితే అది నెట్‌వర్క్ జోలికే పోకుండా ఆ మెషీన్‌లోనే ఉన్న సాకెట్ ఫైల్‌తో (ఒకే మెషీన్‌లోని ప్రోగ్రాములు మాట్లాడుకునే దారి) కలుస్తుంది, మీరిచ్చిన 3307ని పట్టించుకోదు. మీ ల్యాప్‌టాప్‌లోని పాత మైఎస్‌క్యూఎల్‌కే లాగిన్ అయ్యారు. హోస్ట్ దగ్గర 127.0.0.1 అని అంకెల్లో ఇవ్వండి, అప్పుడు నెట్‌వర్క్ దారిలో టన్నెల్ గుండా వెళ్తుంది. లోపలికి వెళ్లాక ముందు హోస్ట్‌నేమ్ అడగండి, సర్వర్ పేరు వస్తేనే మిగతా పని.

ఇంకోటి, టన్నెల్ కమాండ్‌లో 3307:127.0.0.1:3306 అని రాస్తాం కదా, ఆ మధ్యలోది మీ ల్యాప్‌టాప్ అడ్రస్ కాదు. సర్వర్ లోపల నిలబడి చూస్తే డేటాబేస్ ఎక్కడుందో అది. నేను కూడా మొదట్లో ఇక్కడే తికమకపడి సర్వర్ పబ్లిక్ ఐపీ పెట్టేవాణ్ణి.

నల్లతెర:
పైన చెప్పింది కరెక్ట్. కానీ నాకు అసలు భయం వేసింది రెండు చోట్లా ఒకే పాస్‌వర్డ్‌తో లాగిన్ అయినందుకు. సర్వర్‌ది ఇవాళే మార్చండి. పోర్టు అన్నాళ్లు తెరిచి ఉంది కాబట్టి యూజర్ల పట్టిక తీసి మీకు తెలియని పేరేమైనా ఉందా, హోస్ట్ దగ్గర పర్సెంట్ గుర్తు ఉన్నవి ఎన్ని ఉన్నాయి చూడండి. ఆ గుర్తుంటే ఎక్కడి నుంచైనా రావచ్చని అర్థం. టన్నెల్‌లో వచ్చేవాళ్లు సర్వర్‌కి సొంత మెషీన్ నుంచి వచ్చినట్టే కనిపిస్తారు, కాబట్టి హోస్ట్ లోకల్‌హోస్ట్‌గా ఉన్న యూజర్ చాలు. రూట్ వాడకండి, ఆ ఒక్క డేటాబేస్‌కే హక్కులున్న యూజర్‌ని చేసుకోండి. బైండ్ అడ్రస్ (మైఎస్‌క్యూఎల్ ఏ అడ్రస్‌లో కనెక్షన్లు తీసుకోవాలో చెప్పే సెట్టింగ్) 0.0.0.0, అంటే అన్ని అడ్రస్‌లూ, చేసి ఉంటారు, దాన్ని మళ్లీ 127.0.0.1కి తెచ్చి మైఎస్‌క్యూఎల్ రీస్టార్ట్ చేయండి, రేపు ఫైర్‌వాల్‌లో ఏదైనా పొరపాటు జరిగినా బయటివాళ్లకి తలుపు ఉండదు.

రాత్రిషిఫ్ట్:
అంకెల్లో ఇవ్వగానే సర్వర్ పేరు వచ్చింది, నిన్న రాత్రి 9:40కి కొట్టిన చివరి బిల్లు కూడా కనిపించింది. ఇద్దరికీ చాలా థ్యాంక్స్. తెలియని యూజర్లు లేరు, పాస్‌వర్డ్ మార్చేశాను. కాసేపు కదపకపోతే మాత్రం టన్నెల్ తెగిపోతోంది.

గోదారిగట్టు:
ఎస్‌ఎస్‌హెచ్ కాన్ఫిగ్‌లో సర్వర్ అలైవ్ ఇంటర్వల్ 60 పెట్టండి, నిమిషానికోసారి పలకరిస్తూ ఉంటుంది.