60 ఏళ్ల నాటి అస్థిపంజరాల ఫైట్ చూసి మావాడు నవ్వాడు. స్టాప్ మోషన్ ఇంకా గొప్పదేనా?

కోనసీమ_కొబ్బరి:
మొన్న ఆదివారం మావాడికి (11 ఏళ్లు) జేసన్ అండ్ ది ఆర్గొనాట్స్ చూపించానండి. 1963 సినిమా. జేసన్ అనే గ్రీకు రాజకుమారుడు బంగారు గొర్రెతోలు కోసం ఓడేసుకుని బయల్దేరతాడు, దార్లో కొండంత కంచు బొమ్మ లేచి నడుస్తుంది, రెక్కల పిశాచాలు ఓ గుడ్డి ముసలాయన కూడు లాక్కుంటుంటాయి, తర్వాత ఏడు తలల పాము, ఆఖర్న ఏడు అస్థిపంజరాలు కత్తులు పట్టుకుని మీదకొస్తాయి. ఈ జీవాలన్నీ రే హ్యారీహౌసెన్ అనే ఒక్క మనిషి బొమ్మల్ని చేత్తో ఇంత ఇంత కదుపుతూ ఒక్కో ఫ్రేమే తీసినవి, దాన్నే స్టాప్ మోషన్ అంటారు. చిన్నప్పుడు మా ఊళ్ళో వీసీఆర్ అద్దెకి తెచ్చి వేస్తే చూశాను, ఆ రాత్రి దొడ్లోకెళ్లడానికి అమ్మని లేపాను. మావాడేమో అస్థిపంజరాలు నేల్లోంచి లేవగానే పగలబడి నవ్వేసి "నాన్నా ఇవి ఆగి ఆగి కదుల్తున్నాయేంటి, నెట్ స్లోగా ఉందా" అని ఫోన్ తీసేసుకున్నాడు. నాకు నిజంగా బాధేసింది. ఆ మూడు నాలుగు నిమిషాల ఫైట్‌కి ఆ మహానుభావుడికి నాలుగున్నర నెలలు పట్టిందండి. ఇప్పుడు కంప్యూటర్లో బటన్ నొక్కితే వెయ్యి అస్థిపంజరాలొస్తాయి, ఒక్కదాంట్లోనూ ప్రాణం ఉండదు. మీరేమంటారు?

చిన్నా99:
మీ అబ్బాయి కరెక్టే అంకుల్, ఇప్పుడు చూస్తే బొమ్మలాటే.

కథలపెట్టె:
సినిమా బాగుంటే బాగుండొచ్చు గానీ ఆ ఏడు తలల పాము జేసన్ కథలోది కానే కాదు. దాని పేరు హైడ్రా, హెర్క్యులీస్ చంపినది. జేసన్ కథలో గొర్రెతోలుకి కాపలా ఉన్నది నిద్రపోని డ్రాగన్, దాన్ని మీడియా అనే మంత్రగత్తె మందు పెట్టి నిద్రపుచ్చుతుంది. అస్థిపంజరాలు కూడా అంతే, అసలు కథలో డ్రాగన్ పళ్ళు విత్తితే రక్తమాంసాలున్న సైనికులు మొలుస్తారు. వేరే కథలో పాముని తెచ్చి ఇందులో పెట్టిన సినిమాని గొప్పది అని ఎలా అంటారు?

రోటో_రాత్రులు:
అన్నా మీరు రాసిన దాంట్ల "బటన్ నొక్కితే" అన్న కాడ ఆగిపోయిన. నేను హైదరాబాద్‌ల తొమ్మిదేండ్ల సంది రోటో చేస్తున్న. తెల్వనోళ్లకు చెప్తున్న, హీరో ఎనక ఆకాశం మార్చాలన్నా, హీరో ముంగట రాక్షసుడు నిలబడాలన్నా, ముందుగాల హీరో చుట్టూ ఫ్రేమ్ ఫ్రేమ్‌కి గీత గీయాలె, ఎగిరే ఎంటికెలతో సహా. సెకండ్‌కి 24 ఫ్రేములు. ఒక్క షాట్ మీద పదకొండు రోజులు కూసున్న, తెర మీద అది మూడు సెకండ్లు గూడ లేదు. అసొంటి బటన్ ఏదీ లేదన్నా. నాలుగున్నర నెలలు ఆయనకు పడితే తపస్సు, మాకు పడితే బటనా?

సీతాకోక_వైజాగ్:
నేను స్టాప్ మోషన్ నేర్చుకుంటున్నా, మట్టి బొమ్మలతో చిన్న చిన్న వీడియోలు చేస్తుంటా. మీ అబ్బాయి కన్ను మంచి కన్నండి, ఆగి ఆగి కదలడానికి కారణం ఉంది. మామూలు షూటింగ్‌లో కెమెరా షటర్ తెరుచుకున్న ఆ కాసేపట్లో కూడా చెయ్యి కదులుతూనే ఉంటుంది కాబట్టి ప్రతి ఫ్రేమ్‌లో కాస్త చెదురుతుంది, ఆ చెదరడం వల్లే మన కంటికి కదలిక సాఫీగా అనిపిస్తుంది. బొమ్మ మాత్రం ఫోటో తీసేటప్పుడు బిగుసుకుని ఉంటుంది, అన్ని ఫ్రేములూ పదునుగా వస్తాయి, అందుకే టకటకమన్నట్టుంటుంది. తర్వాత ఎఫెక్ట్స్ చేసే ఫిల్ టిపెట్ వాళ్ళు 1981లో డ్రాగన్‌స్లేయర్ సినిమాకి గో మోషన్ అని చేశారు, షటర్ తెరిచి ఉండగానే మోటార్లతో బొమ్మని కదిపి ఆ చెదరడం తెప్పించారు.

కానీ టాలోస్‌ని (కంచు బొమ్మ) చూడండి. ఆ బిగుసుదనం అక్కడ ఎంత కలిసొచ్చిందో! కంచు మనిషి కంచులాగే కదలాలి కదా. మెడ తిప్పి కిందికి చూసే ఆ మొదటి షాట్ నేను వందసార్లు చూసుంటా, ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

కథలపెట్టె:
టాలోస్ ఎత్తారు కాబట్టి చెప్తున్నా, కథలో టాలోస్ క్రీట్ దీవిలో కాపలా, వాళ్ళు తిరిగొచ్చేటప్పుడు ఎదురవుతాడు, వాడి పని పట్టేది మీడియా. సినిమాలో వెళ్ళేటప్పుడే పెట్టి జేసన్ చేత వాడి మడమకున్న మూత తీయించి చంపించారు. జేసన్ తోటివాడు హైలస్ చావు కూడా మార్చేశారు. నా మొదటి ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు.

కోనసీమ_కొబ్బరి:
రోటో తమ్ముడూ, నీ కష్టాన్ని తక్కువ చెయ్యాలని కాదు. తేడా ఎక్కడంటే, అస్థిపంజరం జానెడు పొడవు బొమ్మ. ఏడు బొమ్మలు, ఒక్కోదానికి రెండు చేతులు రెండు కాళ్ళు తల, అంటే ఫ్రేమ్‌కి కనీసం 35 చోట్ల కదపాలి, పైగా ఎదురుగా నటులు ముందే తీసేసిన ఫిల్ములో గాల్లోకి కత్తులు తిప్పుతున్నారు, వాళ్ళ కత్తికి బొమ్మ కత్తి సరిగ్గా తగలాలి. రోజంతా కూర్చుంటే 13 ఫ్రేములొచ్చేవట, అంటే అర సెకండు చిల్లర. ఒక్కడే, ఒక గదిలో, ఇవాళ ఏ బొమ్మ ఏ చెయ్యి ఎటు వెళ్తోందో బుర్రలో పెట్టుకుని. పొరపాటైతే వెనక్కి వెళ్ళే వీల్లేదు. మీకు అండూ ఉంది కదా.

రోటో_రాత్రులు:
అండూ ఉంది, క్లయింట్ గూడ ఉన్నడు. పదిసార్లు వాపస్ వస్తది, ఈ అంచు మెత్తగ లేదు ఆ అంచు వణుకుతున్నదని. ఆయన ఏం చేసిండో నాకు తెల్వదనుకుంటున్నరు మీరు, మీకంటె బాగ తెల్సు. నటుల ఫిల్ము ఎనక తెర మీద ఒక్కో ఫ్రేమ్ వేసి, ముంగట బొమ్మ పెట్టి, బొమ్మకంటె ముందుకు రావాల్సిన నేల, రాళ్లు కనపడకుంట అద్దం మీద నల్ల రంగుతోని కప్పి తీసెటోడు. తర్వాత అదే ఫిల్ము ఎనక్కి తిప్పి, బొమ్మ ఉన్న భాగం కప్పి, మిగిలింది మళ్ల ఎక్స్‌పోజ్ చేసెటోడు. ఆయన అద్దం మీద గీసిన ఆ నల్ల గీత ఉన్నది చూడుండ్రి, నేను మౌస్‌తోని గీసేది గదే గీత. గదే పని. నేను ఆయన ఇంటోన్నే.

టెక్సాస్_రావు:
మా దగ్గర లైబ్రరీలో డిస్క్ దొరికింది, ఈ వీకెండ్ చూస్తా. దీనికి బెర్నార్డ్ హెర్మన్ ఇచ్చిన మ్యూజిక్ గురించి ఎవరూ చెప్పరేంటండీ?

కోనసీమ_కొబ్బరి:
అదే పని అనకు తమ్ముడూ, అస్సలు అనకు. చేత్తో పట్టుకున్న పని వేరు. మా నాన్న సినిమా హాళ్ళకి గుడ్డ బ్యానర్లు రాసేవాడు. ముప్పై అడుగుల గుడ్డ మీద ఎన్టీఆర్ మొహం, కన్ను ఒక్కటే మనిషంత ఉండేది, దగ్గరుంటే రంగు మరకల్లా కనపడేది, రోడ్డు అవతలికెళ్తే నవ్వేవాడు. ఫ్లెక్సీలొచ్చాయి. ఏడాది తిరక్కుండా నాన్నని పిలిచేవాడు లేడు. కుంచెలు కిరసనాయిల్లో నానబెట్టుకుని రోజూ పొద్దున్నే సిద్ధంగా కూర్చునేవాడండి, ఎవరైనా వస్తారని. ఆఖరికి స్కూలు గోడల మీద అ ఆ లు రాశాడు. అందుకే మావాడు నవ్వుతుంటే నాకు హ్యారీహౌసెన్ కనపడలేదు, నాన్న కనపడ్డాడు. మెషీన్ తెచ్చినోళ్ళు వచ్చి మేమూ అదే పని అంటే ఒప్పుకోను.

చిన్నా99:
అంకుల్, సారీ. బొమ్మలాట అన్నందుకు.

రోటో_రాత్రులు:
మెషీన్ నేను తెచ్చిన్నా అన్నా? మా నాయినది గూడ చేతిపనే, మగ్గం. నన్ను తిట్టుండ్రి గని, మీ నాయిన కూలి నేను గుంజుకున్నట్టు మాట్లాడకుండ్రి. రాత్రి షిఫ్ట్‌ల రెండు సంవత్సరాలు చేసిన, మూడు నెలల జీతం ఇయ్యకుండనే ఒక కంపెనీ తలుపులు మూసింది, పొయి చూస్తే కుర్చీలు గూడ లెవ్వు. ఇప్పుడేమో సాఫ్ట్‌వేరే రోటో చేసుకుంటదట, మా టీమ్‌ల సగం మందిని పోయిన నెల పంపిచ్చిన్రు. మీ నాయిన పక్కన కూసునెటోన్ని నేను, అవతల నిలబడ్డోన్ని కాదు.

ఒక్క మాట అడుగుత, మీ నాయిన బ్యానర్ కింద మూలకు పేరు రాసుకునెటోడా?

కోనసీమ_కొబ్బరి:
రాసుకునేవాడు. ఎర్ర రంగుతో.

రోటో_రాత్రులు:
హ్యారీహౌసెన్ పేరు గూడ తెర మీద ఉన్నది. ఆ సంవత్సరం ఎఫెక్ట్స్ ఆస్కార్ క్లియోపాత్రా సినిమాకు పోయింది, ఈ సినిమాకు నామినేషన్ గూడ రాలె, అయినా పేరైతే తెర మీదున్నది. అందుకే 1992ల ఆస్కారోళ్లు పిలిచి గార్డన్ సాయర్ అవార్డ్ ఇచ్చిన్రు, అందుకే ఇయ్యాల కోనసీమల ఒక అన్న ఆయన కోసం బాధ పడుతున్నడు. నేను చేసినయి ఇరవై పైన సినిమాలుంటయి. రెండిట్ల పేరొచ్చింది, ఒకదాంట్ల స్పెల్లింగ్ తప్పు. మా అమ్మ టీవీల పేర్లు అయిపోయేదాక లేవది, నాది వస్తదేమోనని. మీరు ప్రాణం లేదు, బటన్ అన్నప్పుడు నాకు కాలింది గందుకే. పని ఎవ్వడు చేసిండో తెల్వకపోతే అది మెషీన్ చేసినట్టే అనిపిస్తది మరి.

సీతాకోక_వైజాగ్:
ఇది చదివాక కాసేపు ఏం రాయాలో తెలీలేదు. హ్యారీహౌసెన్ బొమ్మల లోపలి ఇనప ఎముకలు, కీళ్ళూ ఆయన సొంత నాన్న తయారుచేసి పంపేవారట. కొడుకు సినిమాల్లో ఆయన పేరు ఎక్కడైనా వేశారా అని వెతకాలనిపిస్తోంది.

కథలపెట్టె:
అందరూ ఎమోషనల్ అయ్యారు, నేను కాదనను. నేనూ తెలుగు మాస్టారునే, పిల్లలు సినిమా చూసొచ్చి అదే అసలు కథ అని పరీక్షలో రాస్తుంటే దిద్ది దిద్ది అలిసిపోయా, అందుకే పట్టుకున్నా. జేసన్ కథ రాసిన గ్రీకు కవి పేరు కూడా ఎవరూ తల్చుకోలేదు, అపొలోనియస్, రోడ్స్ దీవి వాడు. అదీ చేతిపనే.

కోనసీమ_కొబ్బరి:
తమ్ముడూ, బటన్ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. పైన పోస్ట్‌లో కొట్టెయ్యను, ఉండనీ, నువ్వేం జవాబిచ్చావో జనానికి అర్థం కావాలి. కానీ సీజీ (కంప్యూటర్లో చేసిన) అస్థిపంజరాలు నాకిప్పటికీ నచ్చవు, దాంట్లో మాత్రం రాజీ లేదు. ఒకటి చెయ్యి, నువ్వు చేసిన షాట్లు ఏ సినిమాలో ఎన్నో నిమిషంలో ఉన్నాయో ఇక్కడ రాయి. మావాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని చూస్తా, ఈ అంచు ఫలానా అన్న గీశాడ్రా అని చూపిస్తా.

రోటో_రాత్రులు:
రాయొద్దన్నా. చెప్పనని సంతకం పెట్టిన.