బజారు వీధిలో సైకిళ్లకు దారి ఇస్తే గిరాకీ పోతుందా? చూసినవాళ్లు చెప్పండి

కాలవగట్టు: మాది విజయవాడ సత్యనారాయణపురం. మా వీధి ఒకప్పుడు సాయంత్రమైతే కిటకిటలాడేది. ఇప్పుడు పచారీ సామాను కూడా ఫోన్లోనే తెప్పించుకుంటున్నారు, నాలుగు షట్టర్లు మూతపడ్డాయి. వీధి బాగు చేయమని కార్పొరేషన్‌కి అర్జీ రాస్తున్నాం. ఒక పక్క సైకిళ్లకు, నడిచేవాళ్లకు దారి అడుగుదామంటే పార్కింగ్ పోతుందని షాపులవాళ్లు ససేమిరా అంటున్నారు.

బట్టలషాపు: నాది బీసెంట్ రోడ్డు పక్క సందు. పండగ ముందు ఆ రోడ్డు చూశారుగా, కారు ఆపడానికి చోటెక్కడ? అయినా ఇసుకేస్తే రాలనంత జనం. ఒకరోజు మా సందులో బండ్లు ఎవరెవరివో లెక్కేశా. పద్నాలుగింట్లో తొమ్మిది షాపులవాళ్లవీ, పనివాళ్లవీ. ఒకటి నాదే! పొద్దున పదింటికి పెట్టి రాత్రి తొమ్మిదికి తీస్తున్నా. గిరాకీకి అడ్డం నేనే అన్నమాట. ముందు మీరూ లెక్కేయండి, తర్వాత మీటింగు పెట్టండి.

పాత హెర్క్యులస్: ముప్పై ఏళ్లుగా సైకిలే తొక్కుతున్నా. ఉత్త రంగు గీత గీసి వదిలేస్తే మర్నాటికల్లా బైకుల స్టాండైపోతుంది. గట్టు కట్టించాలి. మురుగుకాలవ మీద ఇనప జాలీలుంటాయే, వాటి కమ్మీలు దారికి అడ్డంగా ఉండాలి. నిలువుగా ఉన్న చోట నా చక్రం దిగి మోకాలు చిప్ప పగిలింది. అన్నిటికన్నా ముఖ్యం నీడ. రోహిణి కార్తెలో మన ఊళ్లో ఎవరు తొక్కుతారండీ? మీ వీధి ఉత్తర దక్షిణాలుగా ఉంటే పడమటి వైపు కానుగో వేపో వేయించండి, మధ్యాహ్నం దాటాక నీడ వీధి మీదకొస్తుంది.

టీనగర్ తెలుగోడు: చెన్నై పాండీ బజార్లో 2019లో ఫుట్‌పాత్‌లు బాగా వెడల్పు చేశారు. ఇప్పుడు పిల్లల్నీ ముసలాళ్లనీ వెంటేసుకుని నింపాదిగా తిరుగుతాం, తిరిగితే ఏదో ఒకటి కొంటాం కదా. ఢిల్లీ చాందినీ చౌక్‌లో పొద్దున 9 నుంచి రాత్రి 9 దాకా మోటారు బండ్లు వద్దన్నారు. నేను వెళ్లినప్పుడు మాత్రం బైకులు సందు చూసుకుని దూరుతూనే ఉన్నాయి.

పూలబండి: మా అమ్మ తోపుడుబండి మీద పూలమ్ముతుంది. అందం పేరు చెప్పి ముందు ఎత్తేసేది మా బండ్లనేనండీ. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే చేసి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా తీసేయకూడదు. పట్టణ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి. ఆ కమిటీతో మాట్లాడాకే బండ్లకు చోటు గుర్తించమని అర్జీలో రాయండి. చీకటిపడ్డాక మీ వీధిలో మనుషుల అలికిడి ఉండేది మా వల్లే.

కాలవగట్టు: రాస్తానమ్మా. ఇంకో తలనొప్పి, వన్‌టౌన్ నుంచి సరుకు ఆటోలు సరిగ్గా పదకొండింటికి వచ్చి అడ్డం నిలబడతాయి.

బట్టలషాపు: తొమ్మిదిలోపే దించుకోవాలని అందరూ ఒక మాట మీదుండాలి. మా సందులో మొదటి నెల తిట్టుకున్నాం, తర్వాత అలవాటైంది.

కాలవగట్టు: నిన్న లెక్కేశాం. మా వీధిలోనూ సగానికి పైగా సొంత బండ్లే. కిరాణా బాబాయ్ కాసేపు నసిగి, సైకిల్ స్టాండు తన షాపు ముందే పెడితే సంతకం చేస్తానన్నాడు.

పాత హెర్క్యులస్: ఫ్రేముకు గొలుసు వేసుకునేలా స్టాండు అడగండి. ముందు చక్రానికి మాత్రమే తాళం వేసొస్తే నాకా చక్రమే మిగిలింది.